ఉప్పోరు

శుక్ల ఏకాదశి

మెరక ఆఫీసు వారికి, తూర్పు కట్ట కలుపు పెద్ద నాంచారి చెప్పుకునే రోజు పద్దు. వింటున్నారో లేదో మీకే తెలియాలి. పోయిన తుఫాను తరువాత మీ నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఉప్పు మీటర్లకు బ్యాటరీలు పంపుతామన్నారు, అవీ రాలేదు. అయినా పొద్దు వాలేసరికి ఈ మాటపెట్టె ముందు కూర్చుని వాగాలని రూలు పెట్టి పోయారు కనుక వాగుతున్నాను.

పొద్దున మంచు వలలకు పట్టిన నీళ్ళను తొట్టిలోకి తుడిచాం. తొట్టి సగానికి పైగా నిండింది, తాగడానికి ఢోకా లేదు. తరువాత లాకు పక్క పొలాల్లో కలుపుకు దిగాం. కట్టకు ఇవతల మా వరి, అవతల సముద్రం మింగేసిన పర్ర, ఉత్త ఉప్పు నేల. మధ్యాహ్నం గంగులు చేలో మా జట్టు మనిషి రాఘవమ్మ ఒక మొక్కను వేళ్ళతో సహా పీకి నా ముందుకు తెచ్చింది.

“అక్కాయ్, ఇది గడ్డిచామంతే గదా?”

“నీ మొహం. గడ్డిచామంతి ఆకు గరుగ్గా ఉంటది, అంచున పళ్ళుంటయ్. నేలమీద పాకుద్ది. దీన్ని చూడు, నడుమెత్తున నిలబడింది. ఆకు సన్నం, నున్నం, ఒక్క నూగు లేదు. కాడ అడుగున ఎరుపు. పువ్వు చామంతి మాదిరే ఉన్నా గోరంత కూడా లేదు.”

“మరి ఏందిది?”

“ఉప్పుకోరు.”

ఆ పేరు చెవిన పడగానే చేలో ఉన్న ఆడవాళ్ళంతా నడుములెత్తి నిలబడ్డారు. మెరక మీద ఉన్న మీకు ఇది తెలియకపోవచ్చు. మీటర్లు చచ్చాక మాకు మొక్కే మీటరు. ఉప్పుకోరు అంటే ఉప్పును కోరుకునే మొక్క. అది పూసిందంటే ఆ చేలోకి ఎవడో దొంగచాటుగా ఉప్పునీళ్ళు పెట్టాడని లెక్క. రొయ్యల కోసం తప్ప ఆ పని ఎవడూ చేయడు. వెనక ఒకడు అట్లా తవ్విన రొయ్యల గుంట వల్లే దిగువ పొలాలన్నీ తెల్లగా పొక్కిపోయాయి. ఆ ఏడు కట్ట మీద పిల్లలు ఆకలికి చచ్చారు. అప్పటి నుంచి పువ్వు దొరికితే ఇక వేరే సాక్ష్యం అడగరు.

గంగులంటే నాకు పడదు. నీళ్ళ వంతు దగ్గర పదిమందిలో నన్ను నోటికొచ్చినట్టు తిట్టిన మనిషి. అందుకే మొక్క పేరు గట్టిగా చెప్పాను. సంతోషంగానే చెప్పాను, దాచడం దేనికి.

“నా చేలో రొయ్యుందా? ఏదీ, ఒక్కటి చూపించవే” అంటూ గంగులు పార ఎత్తి నా మీదికి వచ్చాడు. మగవాళ్ళు ఆ పార లాక్కుని దానితోనే అతని మోకాలి మీద మోదారు. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. పడిపోయిన మనిషిని బురదలోనే కాళ్ళతో తన్నారు. అతని భార్య సామ్రాజ్యం అడ్డుపడితే ఆమె చెయ్యి కూడా మెలిపెట్టారు. మేం మిగిలిన కలుపు తీసి ఇళ్ళకు వచ్చాం.

పౌర్ణమి

ఈ రోజు గంగుల్ని షట్టరుకు కట్టాం.

లాకు షట్టరంటే కట్ట మధ్య కాలువకు అడ్డంగా ఉండే ఇనుప పలక. పైన మర తిప్పితే లేస్తుంది, వెనక్కి తిప్పితే దిగుతుంది. సముద్రం వెనక్కి తీసినప్పుడు మనిషిని దాని బయటి వైపు కడతారు. పోటు వచ్చి నీళ్ళు పెరిగి తల మునుగుతుంది. కాపలా ఎవరూ ఉండరు. జాలిపడి ఎవరైనా మర తిప్పితే షట్టరుతో పాటు మనిషి పైకి లేస్తాడు, కానీ దాని కింది నుంచి సముద్రం లోపలికి వచ్చి అందరి పొలాలూ తినేస్తుంది. ఒక్కడి ప్రాణం కోసం ఊరి తిండి పోగొట్టుకునే మనిషి ఇంతవరకు కట్ట మీద పుట్టలేదు.

తాడు మీద అందరూ చెయ్యి వెయ్యాలి. ముందు ఇంటివాళ్ళు. రేపు ఎవరూ పగ పెంచుకోకుండా పెద్దలు పెట్టిన పద్ధతి. సామ్రాజ్యం వెయ్యనంటే కట్ట పెద్ద సాంబయ్య బాబాయి ఆమె మణికట్టు పట్టుకుని తాడు మీద నొక్కి పెట్టాడు. తరువాత నేను వేశాను. తరువాత అందరూ.

నీళ్ళు గుండె దాకా వచ్చేవరకు గంగులు మమ్మల్ని తిడుతూనే ఉన్నాడు. మెడ దాకా వచ్చాక తిట్లు ఆపి భార్యను పిలిచాడు. అల వచ్చినప్పుడల్లా తల ఇనుముకు కొట్టుకుని నుదురు చిట్లింది. పోటు తీశాక తాళ్ళు కోస్తే శవం రాయి మాదిరి చల్లగా ఉంది, పెదవులు పీతలు కొరికేశాయి. సామ్రాజ్యం ఏడవలేదు. అతని నోట్లో ఇసుక వేలితో తీస్తూ కూర్చుంది.

నాకు అన్నం సయించలేదు. అయినా తప్పు చేశామనిపించలేదు.

బహుళ షష్ఠి

ఈ రోజు చెప్పేది జాగ్రత్తగా వినండి.

మంచు వలలు తుడిచేటప్పుడు ఒక గుడ్డ ఎగిరి తొట్టి వెనక్కి పడింది. అటు ఎవరూ వెళ్ళరు. గుడ్డ కోసం వెళితే అక్కడ ఉప్పుకోరు ఉంది. ఒకటి కాదు, పొద. నా తల దాటి పెరిగింది, చేలో దానికన్నా రెండింతలు పూసింది. కొన్ని పువ్వులు ముదిరి దూదిలా విడిపోయి గాలికి ఎగురుతున్నాయి. ఆ దూది కట్ట దాటి వచ్చిందో, ఇక్కడి నుంచి పొలాల్లోకి పోయిందో దేవుడికి తెలియాలి.

తొట్టి కారిన చోట తడికి పెరిగింది అది. మంచు నీళ్ళలో ఉప్పు ఎక్కడిది? కట్ట మీద అంతకన్నా తీపి నీళ్ళు లేవు, పసిపిల్లలకు పోసేది అవే.

కట్ట అవతల పర్రలో బతికే చుక్కమ్మ ఎండుచేపలు తెచ్చి మా వడ్లకు మారుస్తుంది. ఆమె గంపలో ఆ మొక్క లేత ఆకు కట్టలు కూడా ఉంటాయి, మేం ముట్టుకోం. ఈ రోజు ఆమె రాగానే అడిగాను.

“దీన్ని మీరేమంటారు పిన్నీ?”

“ఉప్పోరు. కూరాకు. పులుసు పెట్టుకుంటాం.”

“ఉప్పుకోరా?”

“కోరటమేందమ్మా, నీ చెవిలో ఏమన్నా పడిందా. ఉప్పోరు. ఉప్పును ఓర్చుకుంటదని. పాపం దానికి మాత్రం ఉప్పు మీద మోజా? వేరే మొక్క చచ్చేకాడ ఇది ఓర్చుకుని బతుకుద్ది. తీపి నీళ్ళు దొరికితే ఎగిరి గంతేసి పెరుగుద్ది. ఉప్పుకోరని ఎవరు చెప్పార్రా మీకు?”

ఎవరు చెప్పారని చెప్పను. ఎవరో పెద్దవాళ్ళు ఎప్పుడో కట్ట మీద నిలబడి, అవతలి మనిషి అన్న మాట గాలిలో సగం విని ఉంటారు. ఒక్క అక్షరం ఎక్కువ పడింది. దానికి గంగులు పోయాడు.

పొదలో ఒక కొమ్మ విరిచి సాంబయ్య బాబాయి దగ్గరికి తీసుకువెళ్ళాను. అంతా చెప్పాను. ఆయన వింటూ వింటూ లేచి తలుపు వేశాడు.

“ఎవరికన్నా చెప్పావా?”

“లేదు. నీకే చెబుతున్నా బాబాయ్. గంగులు ఉప్పు పెట్టలేదు.”

“నాంచారీ, గంగుల్ని కట్టిన తాడు మీద నీ చెయ్యుంది. నా చెయ్యుంది. కట్ట మీద పాలు తాగే పిల్ల తప్ప అందరి చెయ్యుంది. ఇప్పుడా పువ్వు తప్పంటే మనం ఎవరం?”

చేతిలో కొమ్మనే ఆయన ముందుకు చాపాను.

“చెప్పు, ఎవరం? రేపు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని ఈ కట్ట మీద మట్టి వేస్తారా జనం? ఒక్క వానకాలం మట్టి వెయ్యకపోతే సముద్రం ఇంట్లో ఉంటది. నాకు కట్ట ముఖ్యం.”

కొమ్మ లాక్కుని పొయ్యిలో పెట్టాడు. నా చిటికెన వేలు పట్టుకుని వెనక్కి విరిచాడు, పుల్ల విరిచినట్టు. అరవకుండా నా నోరు కూడా ఆయనే మూశాడు. “ఈసారి నాలుక కోయిస్తా తల్లీ” అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. ఆ నీళ్ళు చూసి నాకు ఇంకా భయం వేసింది. తొట్టి వెనక పొదను అప్పటికప్పుడు ఆయనే పీకి తగలబెట్టాడు. నేను ఇంటికి వచ్చి వేలికి కట్టు కట్టుకుని ఈ పెట్టె ముందు కూర్చున్నాను. ఎవరికీ చెప్పలేదు, మీకు తప్ప.

బహుళ దశమి

మా తమ్ముడు శివనాగులు చేలో పూసింది.

నేను ముందు చూసి ఉంటే మింగేసి ఉండేదాన్ని. రాఘవమ్మ చూసింది. అందరినీ పిలిచాకే నన్ను పిలిచింది. సాంబయ్య బాబాయి, మగవాళ్ళు, పార పట్టుకుని నా తమ్ముడు, గట్టు మీద బిడ్డను చంకనెత్తుకుని వాడి భార్య మంగతాయి, అంతా చుట్టూ నిలబడి ఉన్నారు. మొక్క నా చేతిలో పెట్టారు. పేరు చెప్పాల్సింది నేనే.

“గడ్డిచామంతి” అన్నాను.

“ఆకు నున్నగా ఉంది గదక్కాయ్” అంది రాఘవమ్మ. పాపిష్ఠిది, చెడ్డ మనసుతో కాదు, నేను నేర్పిన పాఠం అప్పజెప్పింది. “కాడ ఎర్రగుంది. నువ్వే చెప్పావు గదా.”

ఇక దాచలేకపోయాను. ఉన్నదంతా అరిచి చెప్పాను. దాని పేరు ఉప్పోరు, అది ఉప్పు కోరదు, ఓర్చుకుంటుంది, తొట్టి వెనక తీపి తడిలో నా తలెత్తు పెరిగింది, బాబాయిని అడగండి అన్నాను. “కళ్ళున్నాయా మీకు? వరి చూడండి. ఉప్పున్న చేలో వెన్ను ఇట్టా వంగుద్దా? గింజ పాలుపోసుకుంటదా?”

వాళ్ళు వరి వైపు చూశారు. చూశారు, ఒట్టు. వాళ్ళకు అర్థమైందని నాకు తెలుసు. కొందరు తల దించుకున్నారు. అప్పుడు వెనక నుంచి సామ్రాజ్యం ముందుకు వచ్చింది.

“నా మొగుడి కాడ ఉప్పుకోరు. నీ తమ్ముడి కాడికొచ్చేసరికి ఉప్పోరా వదినా?”

అంతే. ఆ మాట అందరికీ దారి చూపించింది. శివనాగులు పార కింద పడేసి చేతులు చూపించాడు. “నా చేతులు వాసన చూడండి, రొయ్య ముట్టుకున్న చెయ్యేనా ఇది” అంటున్నాడు వెర్రివాడు. ఆ చేతినే రాయి మీద పెట్టి మరో రాయితో కొట్టారు. నేను మీద పడి ఒకడి చెవి కొరికాను. నా పక్కటెముకల మీద తన్ని బురదలో పడేశారు. తమ్ముణ్ణి పంపు షెడ్డులో వేసి తాళం పెట్టారు. అమావాస్య పోటుకు కడతారట.

అమావాస్య

పొద్దున్నే కట్టారు. నా చెయ్యి తాడు మీద పెట్టమంటే పెట్టాను. కొడవలి నడుముకు ఉంది, కలుపు పెద్దకు కొడవలి లేకుండా ఉండదు కనుక ఎవరూ అనుమానించలేదు. నేను అప్పటికే నిర్ణయించుకున్నాను. మీరు ఏమన్నా అనుకోండి, ఈ చేతులతో ఎత్తుకుని పెంచిన పిల్లవాడు.

నీళ్ళు వాడి గడ్డం తాకేవరకు ఆగాను. అందరూ కట్ట అంచున నిలబడి కిందికి చూస్తున్నారు. అప్పుడు మర దగ్గరికి పరుగెత్తి పిడి పట్టుకున్నాను. మొదటి చుట్టుకు షట్టరు కిర్రుమంది. అందరూ వెనక్కి తిరిగారు.

ముందు వచ్చినవాడి ముంజేతి మీద కొడవలి వేశాను. ఎముక దాకా దిగింది. వాడు చెయ్యి పట్టుకుని కూలబడితే రెండోవాడు ఆగాడు. వాడి మొహం మీద అడ్డంగా గీశాను, చెంప తెరుచుకుని పళ్ళు కనిపించాయి. ఇద్దరూ నాకు తెలిసినవాళ్ళే, ఇద్దరి పెళ్ళిళ్ళలో నేను వడ్డించాను. విరిగిన వేలితోనే తిప్పుతున్నాను. షట్టరు జానెడు లేచింది. కింద నీళ్ళ హోరు మొదలైంది. తమ్ముడి తల మునిగి తేలుతోంది.

అప్పుడు సామ్రాజ్యం నా జుట్టు పట్టుకుంది. తల వెనక్కి లాగి ఇనుప చక్రానికేసి కొట్టింది. కంటి మీద నెత్తురు కారి ఏమీ కనిపించలేదు. మళ్ళీ కొట్టింది. మూడోసారి లాగినప్పుడు ఆమె మొహం నా మొహానికి దగ్గరగా వచ్చింది.

“నీ మొగుడు ఉప్పు పెట్టలేదు” అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది.

“ఏందీ?”

“గంగులు పెట్టలేదు. అన్యాయంగా చంపాం. నేను చంపాను. సాంబయ్యకు తెలుసు.”

ఆమె నా జుట్టు వదిలి సాంబయ్య బాబాయి వైపు చూసింది. ఆయన కాదనలేదు. ఇన్నాళ్ళూ కట్ట మీద ఒక్కరూ ఆమెకు ఆ మాట చెప్పలేదు. పక్కన పడి ఉన్న నా కొడవలి తీసి ఆమె నా పక్కన నిలబడింది, అందరికీ ఎదురుగా. ఒకడు వస్తే కడుపులో పొడిచింది, మిగతావాళ్ళు వెనక్కి తగ్గారు. తరువాత కొడవలి నడుముకు దోపుకుని రెండు చేతులూ పిడి మీద వేసింది.

ఇద్దరం తిప్పాం. షట్టరు లేచింది, దానితో నా తమ్ముడు లేచాడు, ముక్కు నుంచి నోటి నుంచి నీళ్ళు కక్కుతూ. వాడి నడుము నీళ్ళ పైకి రాగానే నేను చాలన్నాను. “ఆపు సామ్రాజ్యం, ఇక దించుదాం, తాళ్ళు కోసి దించేద్దాం” అన్నాను. ఆమె ఆపలేదు.

“మొత్తం ఎత్తు” అంది.

“పొలాలు పోతయ్.”

“పోనీ. నా మొగుడి కోసం ఒక్కళ్ళన్నా ఒక్క చుట్టు తిప్పారా?”

నేను ఆమె చేతులు లాగబోతే మోచేత్తో నా గొంతు మీద కొట్టింది. ఊపిరి అందక పడిపోయాను. మర ఆఖరి దాకా తిప్పేసి, పిడి ఊడదీసి సముద్రంలోకి విసిరింది. ఇక దించేది లేదు.

సముద్రం గోడలా లోపలికి వచ్చింది. సాంబయ్య బాబాయి దుంగలు భుజాన వేసుకుని లోపలి వైపు కాలువలోకి దూకాడు, అడ్డం వేయడానికి. వెంట రమ్మని పిలిచాడు, ఎవరూ దూకలేదు. ఒక దుంగ నిలబెట్టాడు కూడా. రెండోది నీళ్ళకు తిరిగి ఆయన ఛాతీని స్తంభానికి అదిమింది. నోట్లోంచి నెత్తురు రావడం పైనుంచి చూశాను. నా వేలు విరిచిన మనిషి, కట్ట కోసం చచ్చాడు. నేను ఏడ్చాను, అబద్ధం ఎందుకు చెప్పాలి.

తమ్ముడి తాళ్ళు మంగతాయి కోసింది.

పాడ్యమి

అందరం కట్ట మీదే ఉన్నాం. నన్ను చంపాలని కొందరు అన్నారు, కానీ లేచి వచ్చే ఓపిక ఎవరికీ లేదు. సామ్రాజ్యం ఆ పోటులోనే కట్ట దిగి పర్ర వైపు పోయింది. ఆమె పొడిచినవాడు తెల్లవారేసరికి పోయాడు. సాంబయ్య బాబాయి శవాన్ని ఇద్దరు మోసుకొచ్చి మంచు వలలో చుట్టారు.

ఈ పొద్దు పోటు తీశాక నీళ్ళు కొంచెం తగ్గాయి. వరి అంతా పడుకుంది. వెన్నులు బురదలో ఉన్నాయి. ఆకు అప్పుడే రంగు మారుతోంది. మళ్ళీ పోటు వస్తుంది, మర్నాడూ వస్తుంది, షట్టరు ఎత్తే ఉంటుంది.

శివనాగులు నిన్నటి నుంచి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు లేచి, నలిగిన చేతిని గుడ్డతో మెడకు వేలాడదీసుకుని, తూలుతూ తన చేలోకి దిగాడు. నేను వెంట వెళ్ళాను. మంగతాయి, బిడ్డ గట్టు మీద ఆగారు. వాడు వంగి మంచి చేత్తో గుప్పెడు బురద తీశాడు. కాసేపు చూశాడు. నోట్లో పెట్టుకున్నాడు.

“ఏం చేస్తున్నావురా, ఊసెయ్” అన్నాను.

వాడు ఊయలేదు. నమిలాడు. పళ్ళ మధ్య ఇసుక కరకరలాడడం నాకు వినిపించింది. తరువాత కట్ట మీద జనం అందరికీ వినపడేలా అన్నాడు.

“ఇప్పుడుందక్కా ఉప్పు. ఇప్పుడు కట్టమను నన్ను.”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎన్ని ప్రాణాలు పోయాయి, ఎంతమంది తిండి పోయింది, వీడు ఇట్లా మాట్లాడతాడా. చెయ్యెత్తి వాడి చెంప పగలగొట్టాను. నోట్లో బురద ఎగిరి నా చీర మీద పడింది. గట్టు మీద బిడ్డ జడుసుకుని ఏడుపు లంకించుకుంది. వాడు అట్లాగే నిలబడి నా వైపు చూస్తున్నాడు. కంటి వెంట నీళ్ళు కారుతున్నాయి, నా వేళ్ళ గుర్తులు చెంప మీద ఎర్రగా తేలాయి.

నేను ఆ చెంప మీదే చెయ్యి పెట్టాను. వాడు తోసెయ్యలేదు. వేడిగా ఉంది.